ఎడమ నుంచి నాలుగో అమ్మాయి

కుట్టుమిషను ఆగడం లేదు.

"అమ్మా, తలుపు తియ్యి! రాత్రి నుంచి పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టలేదట. ఎవరి మీద ఈ సాధింపు?" ఆడపడుచు అరచేత్తో తలుపు బాదింది.

జవాబుగా లోపల మిషను ఇంకాస్త వేగం అందుకుంది.

"చూశారా? నా గొంతు వినబడకుండా తొక్కుతోంది."

"నీ గొంతు వినబడకుండా ఉండాలంటే మిషను చాలదక్కా, మిల్లు కావాలి" అన్నాడు తమ్ముడు పేపరు వెనక నుంచి. ఎవరూ నవ్వలేదు. అన్నందుకు తనే నొచ్చుకున్నట్టు పేపరు మడిచి పక్కన పెట్టాడు.

అతని భార్య, ఆ ఇంటి కోడలు, టీ గ్లాసు పట్టుకుని ఆ తలుపు పక్కన నిలబడి పావుగంటైంది. టీ మీద మీగడ కట్టింది. మ్యూజియంలో ఉద్యోగానికి వేళవుతోంది. అయినా కాళ్ళు కదలడం లేదు.

ఆడపడుచు ఆమె వైపు తిరిగింది. "నువ్వెందుకు నిలబడ్డావిక్కడ? చేసిన ఘనకార్యం చాలలేదా?"

"టీ ఇద్దామని, వదినా."

"టీ ఇస్తావు. మా అమ్మని ఊరంతటికీ చూపించి, ఇప్పుడు టీ ఇస్తావు."

"నాకు తెలిసి చేశానా?"

"పదహారేళ్ళుగా ఒక్క కప్పు కింద ఉంటున్నావు. ఆ మొహం గుర్తుపట్టలేకపోయావా? నేను పేపర్లో చూసిన మరుక్షణం గుర్తుపట్టాను. ఎందుకంటే అది నా మొహం! పద్నాలుగేళ్ళప్పటి నా మొహం, ఎవరిదో బూడిదరంగు గౌను తొడుక్కుని, పదిమంది దిక్కులేని పిల్లల మధ్య నిలబడి ఉంది. సరదా పడి పరిగెత్తుకొచ్చి అమ్మకి చూపించాను. నా బుద్ధి తక్కువ."

అది ఆదివారం సంగతి. ఆ రోజు అత్తగారు పేపరు చేతిలోకి తీసుకుని చూసింది, మడిచింది, మళ్ళీ విప్పి చూసింది. అప్పటి నుంచి ఆమె నోట మాట లేదు. నిన్న సాయంత్రం కుట్టుగదిలోకి వెళ్ళి గడియ పెట్టుకుంది. ఇవాళ బుధవారం.

"తీసెయ్" అంది ఆడపడుచు. "మీ మ్యూజియం వాళ్ళు ఆ కంప్యూటర్లో పెట్టబట్టే కదా పేపరు వాళ్ళకి దొరికింది? నువ్వే పెట్టావు. నువ్వే తీసెయ్."

"తీసేసేది కాదు వదినా అది."

"గోడకి కొట్టిన మేకైనా ఊడొస్తుంది."

"అది మ్యూజియం వెబ్‌సైటు కాదు. అందరూ కలిసి రాసుకునే విజ్ఞాన సర్వస్వం. పాత బాలికల హోము ఫోటోలు పద్నాలుగు వందలు వాళ్ళకి రాసిచ్చేశాం. ఎవరైనా చూసుకోవచ్చు, వాడుకోవచ్చు, అచ్చు వేసుకోవచ్చు, మమ్మల్ని అడగక్కర్లేదు అని. ఒకసారి రాసిచ్చాక వద్దనడానికి లేదు. ఆ మాట కాయితంలోనే ఉంది."

"ఏ మహానుభావుడు రాశాడో ఆ కాయితం!"

కోడలు టీ మీది మీగడకేసి చూసింది. "సంతకం నాదే."

తమ్ముడు తల పైకెత్తాడు. అతను ఆ మాట మొదటిసారి వింటున్నాడు. ఏదో అనబోయి, అక్క ముందు అనడం ఇష్టంలేక ఊరుకున్నాడు. ఆ ఊరుకోవడమే కోడలికి ఎక్కువ తగిలింది.

"నువ్వు మాట్లాడవేంరా?" ఆడపడుచు తమ్ముడి మీద పడింది. "సర్వేయరువి. ఊళ్ళో వాళ్ళ పొలాలకి హద్దులు కొలిచి రాళ్ళు పాతిస్తావు. నీ ఇంట్లో ఒక్క హద్దూ నీకు తెలీదు. రేపు మా అత్తవారింట్లో నేనేం చెప్పుకోను? పోస్టుమాస్టరుగారి మనవరాలినని ఇరవై ఏళ్ళుగా చెబుతున్నాను. వాళ్ళింట్లో ఏ ఉత్తరం తప్పిపోయినా నన్నే అడుగుతారు!"

"అమ్మ అవునని అనలేదు కదక్కా ఇంకా."

"అనక్కర్లేదు. అయినా నాకు అర్థం కానిదొకటుంది." ఆమె చేతిసంచీలోంచి ఆ పేపరు ముక్క తీసింది. నాలుగు మడతలు పెట్టిన చోట కాగితం అప్పుడే నలిగిపోయింది. "ఇదిగో. ఎడమ నుంచి నాలుగో అమ్మాయి అమ్మ. ఎవరైనా చెబుతారు. కానీ అమ్మ పేరు మూడో అమ్మాయి కింద వేశారు. ఇంటిపేరు, తండ్రి పేరుతో సహా. నాలుగో అమ్మాయి కింద ఇంకెవరి పేరో ఉంది. మీ మ్యూజియంలో ఎడమేదో కుడేదో కూడా తెలీదా?"

"నెగెటివ్ కవరు మీద ఎలా ఉందో అలాగే రాశాం."

"అయితే ఆ కవరు రాసినవాడు తాగి రాశాడు."

మిషను ఆగిపోయింది.

ముగ్గురూ తలుపు వైపు చూశారు. కుర్చీ కాళ్ళు నేలమీద రాసుకున్న చప్పుడు. అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి. గడియ మీద చెయ్యి పడ్డట్టు చిన్న కదలిక.

"ఆ పిల్ల నేను కాదు" అంది అత్తగారు లోపల్నుంచి. గొంతు మామూలుగానే ఉంది. ముప్పై ఏళ్ళు క్లాసులో కుట్టుపని నేర్పిన గొంతు. "ఎవరి పనులకి వాళ్ళు వెళ్ళండి."

మిషను మళ్ళీ మొదలైంది.

*

మ్యూజియంలో మెట్ల కింద గది కోడలిది. ఒక స్కానరు, బూడిదరంగు అట్టపెట్టెలు, చెమ్మ పీల్చే యంత్రం, దాని కింద నీళ్ళ బకెట్టు. కిటికీ ఉంది గానీ వెలుగు తగిలితే నెగెటివ్‌లు పాడవుతాయని ఆమే నల్లగుడ్డ కట్టేసింది. ఇన్నాళ్ళూ ఆ గదిలో కూర్చుంటే ప్రాణానికి హాయిగా ఉండేది. ఇవాళ లోపలికి వచ్చినా సంచీ భుజం మీంచి దించలేదు.

స్కానరు ముందు ఉడత కూర్చుని ఉన్నాడు.

ఆయన పదేళ్ళ క్రితం మందుల షాపు మూసేసిన పెద్దమనిషి. విజ్ఞాన సర్వస్వంలో 'ఉడత' అనే పేరుతో రాస్తాడు. మ్యూజియంలో కూడా అందరూ అలాగే పిలుస్తారు. జీతం లేదు, బత్తెం లేదు. అడిగితే "ఉడతాభక్తి" అని తన జోకుకి తనే నవ్వుకుంటాడు. ఆయనలాంటి వాళ్ళు నలభై మంది ఎవరిళ్ళలో వాళ్ళు కూర్చుని ఆ పద్నాలుగు వందల ఫోటోలకీ వివరాలు రాస్తున్నారు. కవర్ల మీది గొలుసుకట్టు రాత మాత్రం ఆయన చదవాల్సిందే. డాక్టర్ల రాత ముప్పై ఏళ్ళు చదివినవాడు.

"రండి కేటలాగమ్మా. ఏమిటి, మొహం అలా పీక్కుపోయింది?"

"ఒక ఫోటో తీసేయించాలంటే దారేమిటండీ?" కూర్చోకుండానే అడిగింది.

"ఏ ఫోటో?"

"ఏదైనా."

"ఏదైనా అనే ఫోటో ఉండదమ్మా." ఆయన కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నాడు. "ఆ ఫోటోలో ఉన్న మనిషో, వాళ్ళ ఇంటివాళ్ళో రాయాలి. ఫలానా పేరుగల మనిషిని నేను, ఇది నాకు ఇబ్బందిగా ఉంది అని. అందరికీ కనబడేలా రాయక్కర్లేదు, విడిగా మెయిలు పంపినా చాలు. మావాళ్ళు మర్యాదగానే చూస్తారు. కానీ ఎవరో ఏమిటో చెప్పకుండా తీసెయ్యమంటే తియ్యరు."

"పేరు చెప్పాలన్నమాట."

"చెప్పాలి. ఇక్కడ తీసేసినా, ఈపాటికే పేపర్లో పడింది, ఇంకో పది చోట్ల వాడుకున్నారు. వాళ్ళందరి వెంటా పడలేం. ఉన్నమాట చెబుతున్నాను."

ఆమె చేతులకి తెల్ల గ్లౌజులు తొడుక్కుంది. పెట్టె తెరిచి ఆ నెగెటివ్ కవరు తీసింది. పదకొండు మంది పేర్లు, వరసగా. మూడోది అత్తగారి పేరు. నాలుగోది ఎవరిదో.

"ఇది మీరు చదవడంలో పొరపాటు పడే వీలుందా? మూడు, నాలుగు తారుమారయ్యాయేమో."

"లేదమ్మా. ఆ అనుమానం నిన్నటితో తీరిపోయింది. మీకు చూపిద్దామనే కూర్చున్నాను." ఆయన మొహం వెలిగిపోయింది. కంప్యూటరు తెర ఆమె వైపు తిప్పాడు. "ఫోటో పక్కన చర్చాపేజీ ఉంటుంది కదా. నిన్న సాయంత్రం ఎవరో అమ్మాయి రాసింది. చదవండి."

ఆమె చదివింది.

"ఎడమ నుంచి మూడో అమ్మాయి మా అమ్మ. పేరు సరిగ్గానే వేశారు. అమ్మ చిన్నప్పటి ఫోటో ఇన్నేళ్ళకి మొదటిసారి చూశాం. మీ అందరికీ దణ్ణాలు. పక్కనున్న నాలుగో అమ్మాయి అమ్మకి ప్రాణస్నేహితురాలట. ఆవిడ ఎక్కడుందో ఎవరికైనా తెలిస్తే దయచేసి చెప్పండి. అమ్మ రోజూ అడుగుతోంది."

"ఇందుకే కదమ్మా ఈ చాకిరీ!" అంటున్నాడు ఉడత. "ఈ పెట్టెలోనే ఉండిపోతే ఆ తల్లి తన ఫోటో తను చూసుకునేదా? నాకు రాత్రి నిద్రపట్టలేదంటే నమ్మండి."

కోడలు తెరకేసి చూస్తూనే ఉంది. మూడో అమ్మాయి ఎక్కడో కూతురింట్లో ఉంది. పేరు సరిగ్గానే వేశారని ఆ కూతురంటోంది. ఆ పేరు అత్తగారిది. పింఛను కాయితాల మీద, ఇంటి పత్రాల మీద, ఆడపడుచు పెళ్ళి శుభలేఖ మీద ఉన్న పేరు. మూడో అమ్మాయి అత్తగారు కాదు. నాలుగో అమ్మాయి అత్తగారే.

మరి ఆ పేరు అత్తగారిదెలా అయింది?

"మీరూ చూశారా!" గుమ్మంలోంచి డైరెక్టరుగారు. ఆయన కింది గదికి దిగి రావడం అరుదు. "పొద్దున్నే ఆ అమ్మాయికి నేనే రాశాను. ఈ ఫోటోలు అందరికీ ఇచ్చిన సందర్భంగా శుక్రవారం మనం పెట్టిన సభకి వాళ్ళమ్మగారిని తీసుకొస్తోంది. వేదిక వెనక ఈ ఫోటోయే పెద్దది చేసి కడుతున్నాం. విలేకరులు వస్తున్నారు."

"సార్, ఆ ఫోటో బదులు ఇంకోటి..."

"ఏం?"

"నాలుగో అమ్మాయి తాలూకు వాళ్ళు బాధపడతారేమోనని."

"ఎవరు వాళ్ళు? మీకు తెలుసా?" డైరెక్టరుగారు ఉత్సాహంగా ఒకడుగు ముందుకేశారు. "తెలిస్తే చెప్పండి, ఇద్దర్నీ ఒకే వేదిక మీద కలుపుదాం! ఇంతకంటే ఏం కావాలి మన మ్యూజియానికి?"

ఉడత కూడా ఆమె వైపే చూస్తున్నాడు. ఆయన చూపులో ఉత్సాహం లేదు. ఇందాక తీసేయించే దారి అడిగిన సంగతి ఆయనకి గుర్తొచ్చినట్టుంది.

పన్నెండేళ్ళ ఉద్యోగంలో ఆమె ఒక్క కవరు మీద ఒక్క అక్షరం తప్పు రాయలేదు. తెలియనిచోట తెలియదనే రాసింది, తెలిసింది దాచలేదు.

"తెలీదు సార్" అంది.

డైరెక్టరుగారు వెళ్ళిపోయాక ఉడత చాలాసేపు స్కానరు అద్దం తుడుస్తూ కూర్చున్నాడు. "అమ్మా" అన్నాడు చివరికి, "దాచిపెట్టడం మన పని కాదు. అలాగని ఒకరి ఉసురు పోసుకోవడమూ మన పని కాదు. మెయిలు రాయదలచుకుంటే నాకు చెప్పండి. నేనేమీ అడగను."

ఆమెకి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నెగెటివ్ మీద పడతాయని పక్కకి జరిగింది.

బయట వరండాలోకి వచ్చి భర్తకి ఫోను చేసింది. పొద్దున అతను మాట్లాడకుండా వెళ్ళిపోయాడు.

"దారేదైనా దొరికిందా?" అన్నాడు. గొంతులో కోపం లేదు. అలసట ఉంది.

"ఉంది. ఇంటివాళ్ళెవరైనా రాయాలిట, పేరు చెప్పి. కానీ ఇప్పుడే ఏం చెయ్యకండి. నేను ముందు అత్తయ్యతో మాట్లాడాలి. ఇంకో సంగతుంది, ఫోన్లో చెప్పేది కాదు."

"సరే. రాయడమే కదా" అన్నాడతను. అవతల ఎవరో పిలిచినట్టుంది, పెట్టేశాడు.

ఆమె సగంరోజు సెలవు చీటీ రాసిచ్చి బస్సెక్కింది.

*

ఇంట్లో ఎవరూ లేరు. మిషను చప్పుడూ లేదు.

"అత్తయ్యా, నేనొక్కదాన్నే వచ్చాను" అంది తలుపు దగ్గర. "మూడో అమ్మాయి బతికే ఉంది."

లోపల కుర్చీ జరిగింది. తర్వాత గడియ తీసిన చప్పుడు.

గది నిండా దిండు గలీబులు. మంచం మీద, కుర్చీ మీద, కిటికీ చువ్వలకి. ఇంట్లో ఉన్న పాత దుప్పట్లన్నీ చింపి రాత్రి నుంచి కుట్టినట్టుంది. అన్నిటికీ అంచులు ఒక్క కొలతే, ఒక్క కుట్టూ వంకర పోలేదు. ఈ ఇంట్లో ఉన్నవి ఆరు దిళ్ళు. గలీబులు ముప్పై దాకా ఉన్నాయి.

అత్తగారు మిషను ముందు కూర్చుంది. జుట్టు నున్నగా దువ్వుకునే ఉంది. కళ్ళ కింద మాత్రం నల్లగా చారలు.

"ఎవరు చెప్పారు నీకు?"

కోడలు ఫోను తీసి, ఆవిడ కూతురు రాసిందని చెప్పి, చర్చాపేజీ చదివి వినిపించింది.

"మళ్ళీ చదువు."

చదివింది.

"ప్రాణస్నేహితురాలని రాసిందా? ఆ మాట అదే అందా, కూతురు కల్పించిందా?"

"ఆవిడ అన్నట్టే ఉంది."

"అయితే కూతురికి చెప్పలేదన్నమాట." అత్తగారు కళ్ళు మూసుకుంది. "అది ఎప్పుడూ అంతే. ఎవరి మీదా చాడీ చెప్పేది కాదు."

కోడలు నేలమీద కూర్చుంది. గలీబులు తప్పించి కూర్చోడానికి అక్కడే చోటుంది.

"నాకు తల్లీ తండ్రీ ఎవరో తెలీదు" అంది అత్తగారు. గోడకి చెబుతున్నట్టు చెప్పింది. "హోములో వాళ్ళు పెట్టిన పేరే నా పేరు. నా స్నేహితురాలు అలా కాదు. దానికి తండ్రి ఉండేవాడు, పోస్టుమాస్టరు. ఆయన పోయాక ఎవరూ దగ్గరికి తియ్యక అక్కడికి చేరింది. చదువుకున్న ఇంటి పిల్ల కదా, కుట్టు టీచరు ట్రైనింగుకి దాని పేరు రాశారు. మొత్తం హోముకి ఒక్క సీటు. తీసుకెళ్ళడానికి వ్యాను వచ్చిన రోజు దానికి ఒళ్ళు తెలియని జ్వరం. సిక్ గదిలో పడుకోబెట్టారు. నేను దాని పెట్టె పట్టుకుని వరండాలో నిలబడ్డాను, వ్యాను దాకా మోసుకెళ్ళి ఇద్దామని. వచ్చినాయన కొత్తవాడు. కాయితం చూసి పేరు పిలిచాడు."

ఆమె ఆగింది.

"ఒక్కసారి పిలిచాడు. ఎవరూ పలకలేదు. రెండోసారి పిలిచాడు. 'ఉన్నానండీ' అన్నాను."

గదిలో గాలి ఆడడం లేదు. వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు.

"అంతే. ఆ ఒక్క మాటే. తర్వాత ఎక్కడ ఏ సంతకం పెట్టమంటే అక్కడ అదే పేరు పెట్టాను. హోము నుంచి నన్ను వెతుక్కుంటూ ఎవరూ రాలేదు. ఉద్యోగం దాని పేరుకే. పెళ్ళి దాని పేరుతోనే. మీ వదిన గొప్పగా చెప్పుకుంటుందే, పోస్టుమాస్టరు తాత, ఆయన దాని తండ్రి. నా తండ్రి కాడు."

"మామయ్యగారికి...?"

"తెలీదు. తొమ్మిదేళ్ళయింది ఆయన పోయి. పోయేముందు చెబుదామనుకున్నాను. ఆయన ఆ పేరే పిలుస్తూ నీళ్ళు అడిగారు. ఎలా చెప్పను?"

"మళ్ళీ ఎప్పుడూ ఆవిడ కోసం వెళ్ళలేదా అత్తయ్యా?"

"ఒకసారి వెళ్ళాను. మీ ఆయన కడుపులో ఉన్నప్పుడు. గేటు దగ్గర కాపలా మనిషి 'ఎవరు మీరు? ఎవరు కావాలి?' అన్నాడు. ఆ రెండు ప్రశ్నలకీ జవాబు ఒకటే పేరు. తిరిగొచ్చేశాను."

కోడలు చేతిలోని ఫోను వైపు చూసింది. ఉడత చెప్పిన దారి ఒకటుంది. "అత్తయ్యా, మనమే మెయిలు రాద్దాం. బయటికి రాదు. ఫోటోలో ఉన్నది నేనే, తీసెయ్యండి అని."

"ఏ పేరుతో రాస్తావు?"

కోడలు ఫోను ఒళ్ళో పెట్టుకుంది.

"నా పేరుతో రాస్తే ఆ పేరు మూడో అమ్మాయిది, నువ్వెవరంటారు. నాలుగో అమ్మాయి పేరుతో రాస్తే, ఆ పేరుగల మనిషి యాభై ఆరేళ్ళుగా ఎక్కడా లేదు. ఒక్క కాయితం లేదు." అత్తగారు ఒళ్ళోని గుడ్డ పోగు లాగింది. "రాత్రంతా ఇదే ఆలోచించాను. ఎటు కుట్టినా కలవడం లేదు."

"శుక్రవారం ఆవిడ మ్యూజియానికి వస్తోంది."

అత్తగారి చెయ్యి ఆగింది. భయపడుతుందనుకుంది కోడలు. కానీ ఆమె మొహంలో కనిపించింది భయం ఒక్కటే కాదు. దాహంతో ఉన్న మనిషి నీళ్ళ చప్పుడు విన్నట్టుంది.

"నడుస్తోందా? కళ్ళు కనబడుతున్నాయా దానికి?"

"తెలీదు అత్తయ్యా."

"జ్వరం వస్తే దానికి కళ్ళు మండేవి. తడిగుడ్డ వేసేదాన్ని." కాసేపటికి, "పిల్లలకి చెప్పకు" అంది. "నేనే చెబుతాను. ఎలా చెప్పాలో నాకు తట్టేదాకా ఆగు. అంతవరకు నీ నోట రానివ్వకు."

"రానివ్వను."

మాట ఇచ్చాక గానీ ఆ మాట బరువు ఆమెకి తెలిసిరాలేదు. పొద్దున డైరెక్టరుగారి దగ్గర దాచింది, ఇప్పుడు ఇంట్లో వాళ్ళ దగ్గర దాచాలి. ఇక ఎవరి మొహం చూసినా ఏదో ఒకటి మింగాల్సిందే.

"టీ పెట్టు" అంది అత్తగారు లేస్తూ. "చక్కెర కాస్త ఎక్కువెయ్యి. కళ్ళు తిరుగుతున్నాయి."

*

ఆరు కావస్తుండగా అక్కాతమ్ముళ్ళిద్దరూ కలిసే వచ్చారు. తల్లి బయటి గదిలో కూర్చుని టీ తాగుతూ ఉండడం చూసి ఆడపడుచు గుమ్మంలోనే ఆగిపోయింది. "ఇంత సాధించాలా అమ్మా మమ్మల్ని?" అని పక్కన కూర్చుని తల్లి భుజం మీద చెయ్యేసి తల ఆన్చింది. అత్తగారు ఆమె జుట్టు సవరించింది.

"అమ్మా, ఇక నువ్వు బెంగ పెట్టుకోకు. పని అయిపోయింది" అన్నాడు కొడుకు. చెప్పులు కూడా విప్పలేదు. చాలా రోజుల తర్వాత అతని మొహంలో తేటదనం కనిపించింది.

"ఏం పని?" కోడలు వంటింట్లోంచి వచ్చింది.

"నువ్వే కదా చెప్పావు, ఇంటివాళ్ళు రాయాలని. రాసేశాను. అక్క కూడా మా ఆఫీసుకి వచ్చింది. ఇద్దరం కూర్చుని రాశాం."

"ఏమీ చెయ్యొద్దన్నాను కదండీ!"

"నీ ఉద్యోగానికి ఇబ్బందని తెలుసులే. అందుకే నిన్ను ఇందులోకి లాగకుండా నా పేరుతో రాశాను." అతను ఆమె వైపు అపురూపంగా చూశాడు. పొద్దున మాట్లాడకుండా వెళ్ళినందుకు క్షమాపణలా ఉంది ఆ చూపు.

"ఎక్కడ రాశారు? మెయిలు పంపారా?"

"మెయిలెందుకు? ఫోటో కిందే రాయడానికి చోటుందిగా. ఎవరో ఏదో రాసి ఉంది, అది చదువుతూ కూర్చోలేదు, దాని కిందే రాశాం."

"నేనే చెప్పి రాయించాను" అంది ఆడపడుచు తలెత్తి. "దాచుకోడానికేముంది? పోస్టుమాస్టరుగారి అమ్మాయిని దిక్కులేని పిల్లల్లో కలిపేశారు, అది తప్పు అని నిలదీశాం. ఎడమ నుంచి నాలుగో ఆవిడ మా అమ్మ, పేరు ఇదీ, తండ్రి పేరు ఇదీ, పొరపాటున పక్కమ్మాయికి తగిలించారు, వెంటనే ఫోటో తీసెయ్యండి అని. మర్యాదగానే రాశాంలే."

అత్తగారు టీ గ్లాసు బల్లమీద పెట్టింది. చప్పుడు కాకుండా, జాగ్రత్తగా పెట్టింది.

కోడలు తన ఫోను కోసం వంటింట్లోకి పరిగెత్తబోయింది. ఉడతకి చెబితే ఆ రాత చెరిపేస్తాడేమో. రెండడుగులు వేసేలోపే భర్త ఫోను మోగింది.

"అప్పుడే జవాబొచ్చింది!" అన్నాడతను. "చూశావా అమ్మా, నిలదీస్తే గానీ కదలరు." కళ్ళజోడు సర్దుకుని పైకే చదివాడు. "'మీరు రాసింది చూసి అమ్మకి చదివి వినిపించాను. అమ్మ ఏమీ అనలేదు. లేచి గదిలోకి వెళ్ళిపోయింది. అందుకే నేనే అడుగుతున్నాను. ఆ పేరు, ఆ తండ్రి పేరు మా అమ్మవి. మీ అమ్మగారెవరు?'"

చదవడం పూర్తయ్యాక అతను చిన్నగా నవ్వాడు. "ఇదేం పిచ్చి ప్రశ్న? మా అమ్మెవరేంటి..."

నవ్వు సగంలోనే ఆగింది. అతను తల్లిని చూశాడు. తల్లి కొడుకుని చూడడం లేదు. భార్యని చూశాడు. ఆమె గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆ మొహం చూశాక అతని గొంతు మారింది.

"నీకేమైనా తెలుసా?"

తెలీదు అనడం పొద్దున ఎంత తేలిగ్గా వచ్చింది! ఇప్పుడు ఆ మాట నాలిక దాకా వచ్చి ఆగిపోయింది. తెలుసు అంటే అత్తగారికిచ్చిన మాట పోతుంది. తెలీదు అంటే, రేపెప్పుడో నిజం బయటపడ్డాక, ఈ మనిషి ఇంకెప్పుడూ తన మాట నమ్మడు.

"నిన్నే. మధ్యాహ్నం ఫోన్లో ఏదో చెప్పేదుందన్నావు. ఏమిటది?"

"ఏమిటి, ఏం జరుగుతోంది?" ఆడపడుచు తల్లి భుజం మీంచి చెయ్యి తీసేసింది. "నా దగ్గర ఏం దాస్తున్నారు మీరిద్దరూ?"

"చెప్పవేం?" అతను ఒకడుగు ముందుకు వేశాడు. కోడలు వెనక్కి జరిగింది. వెనక గోడే ఉంది.

"దాన్నెందుకురా నిలదీస్తావు?" అంది అత్తగారు.

ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నిటారుగా కూర్చుంది. ఎవరో పేరు పెట్టి పిలిస్తే పలకడానికి సిద్ధంగా ఉన్న పిల్లలా ఉంది.

"నన్నడుగు."

కొడుకు అడగలేదు. ఆడపడుచు కూడా అడగలేదు.